చేతి రౌటర్‌ను సిఎన్‌సికి బిగించాలంటే: వాట్లకన్నా ముందు చూడాల్సిన లెక్కలు

విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో తలుపుల దుకాణాల పక్కనుంచి వెళ్తుంటే ఉలి చప్పుడు తగ్గి మిషన్ హోరు పెరిగిన సంగతి చెవులకే తెలుస్తుంది. పూజగది తలుపుల మీద గంటలు, ఏనుగులు, శంఖుచక్రాలు చెక్కే పని చాలాచోట్ల కంప్యూటర్ ఆజ్ఞలతో నడిచే సిఎన్‌సి మిషన్లకు వెళ్లిపోయింది. అవి నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న పెద్ద మిషన్లు. వాటిని చూసి చిన్నది ఒకటి ఇంటి వసారాలోనే కట్టుకుందామనుకునే ఇంజనీరింగ్ కుర్రాళ్లు, వడ్రంగులు, నేమ్ ప్లేట్లు చేసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఫ్రేము, మోటార్లు, కంట్రోలర్ బోర్డు దాకా అందరి దారీ దాదాపు ఒకటే. చెక్కను కోసే మోటారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం తలో మాట. చెక్క అంచులు గుండ్రం చేసే చేతి ట్రిమ్మర్‌నే, అంటే చిన్న రౌటర్‌నే, బిగించేయమంటారు కొందరు. అది బొమ్మలాట, అసలైన స్పిండిల్ కొనమంటారు ఇంకొందరు. ఈ వాదనలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎన్ని వాట్లు?" అని. చిన్న మిషన్ల విషయంలో ఆ ప్రశ్న ఆఖరున రావాలి. ఎందుకో లెక్కలతో చూద్దాం.

ట్రిమ్మర్‌కూ స్పిండిల్‌కూ అసలు తేడా ఎక్కడ

సిఎన్‌సిలో చెక్కను కోసే పళ్ల కడ్డీని, అంటే బిట్‌ను, పట్టుకుని తిప్పే భాగమే స్పిండిల్. దానికి మూడు పనులు. బిట్‌ను గట్టిగా పట్టుకోవాలి, అడ్డదిడ్డంగా ఊగకుండా తిప్పాలి, పక్కనుంచి వచ్చే ఒత్తిడిని బేరింగులతో ఆపుకోవాలి. వడ్రంగి వాడే రౌటర్ కూడా ఈ మూడూ చేస్తుంది. డ్రిల్లింగ్ మిషన్ చేయలేదు. దాని బేరింగులు పైనుంచి కిందికి వచ్చే ఒత్తిడి కోసం పెట్టినవి, పైగా బిట్‌ను పట్టే దాని చక్‌లో బిట్ వదులయ్యే ప్రమాదం ఉంది. అందుకే రౌటర్‌ను స్పిండిల్‌గా వాడటం తప్పేమీ కాదు. చిన్న మిషన్లు అమ్మే కంపెనీలే చాలావరకు రౌటర్‌ను బిగించే మౌంట్లతో అమ్ముతున్నాయి.

తేడా లోపలి మోటారులో ఉంది. చేతి రౌటర్‌లో ఉండేది యూనివర్సల్ మోటారు. మిక్సీలో ఉండేదీ ఇదే జాతి. కార్బన్ బ్రష్‌లు రాగి కమ్యుటేటర్‌ను రాసుకుంటూ కరెంటు అందిస్తాయి. బరువు తక్కువ, వేగం ఎక్కువ, ధర తక్కువ. బదులుగా బ్రష్‌లు అరిగిపోతాయి, నిప్పురవ్వలు వస్తాయి, హోరు ఎక్కువ, లోడు పడితే వేగం పడిపోతుంది. స్పిండిల్ పేరుతో అమ్మేవాటిలో ఎక్కువ భాగం బ్రష్‌లు లేని మూడు ఫేజుల ఇండక్షన్ మోటార్లు. వాటి వేగాన్ని నిర్ణయించేది విఎఫ్‌డి అనే పెట్టె. మన ఇళ్లకు 50 హెర్ట్జ్ వద్ద వచ్చే కరెంటును అది 400 హెర్ట్జ్ దాకా పెంచుతుంది. రెండు ధ్రువాల మోటారు 400 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతుంది. ఆ పెట్టెలో అంకె మారిస్తే వేగం మారుతుంది. చప్పుడు చాలా తక్కువ.

వాట్ల లెక్క: ఫ్రేము ఒప్పుకోనిదే మోటారు ఏం చేస్తుంది

రౌటర్ మీద 700 వాట్లని రాసి ఉంటే అది కరెంటు నుంచి లాక్కునే శక్తి. బిట్ దాకా చేరేది అంతకంటే బాగా తక్కువ. మిగిలింది వేడిగా, గాలిగా, చప్పుడుగా పోతుంది.

ఇక ఆ చేరిన శక్తినైనా చిన్న మిషన్ వాడుకోగలదా? 6 మి.మీ. బిట్ 18,000 చుట్ల వేగంతో తిరుగుతోంది అనుకోండి. దాని అంచు సెకనుకు సుమారు 5.7 మీటర్లు కదులుతుంది. కోసేటప్పుడు చెక్క ఆ అంచును 30 న్యూటన్లతో, అంటే దాదాపు మూడు కిలోల బలంతో, ఆపుతోంది అనుకుందాం. అక్కడ ఖర్చయ్యే శక్తి 30ని 5.7తో గుణిస్తే వచ్చే 170 వాట్లు. అంతే.

ఇప్పుడు మీ మిషన్‌లో బిట్ ఉండేచోట మూడు కిలోలతో పక్కకు లాగి చూడండి. స్ప్రింగు కాటా ఒకటి, సన్నటి కదలికను ముల్లుతో చూపించే డయల్ గేజ్ ఒకటి ఉంటే చాలు. బెల్టుల మీద నడిచే, సన్నని రాడ్ల మీద జారే మిషన్ అయితే ముల్లు బాగా కదులుతుంది. 0.3 మి.మీ. కదిలిందనుకుంటే గీసిన గీతకు, కోసిన గాడికి అంత తేడా వస్తుంది. ఆ బలానికే ఇలా ఊగే ఫ్రేముకు 2,200 వాట్ల స్పిండిల్ తగిలిస్తే ఆ శక్తి ఎక్కడా వినియోగం కాదు. దాని ఐదు కిలోల బరువు మాత్రం ఫ్రేము మీద పడుతుంది.

అందుకే 500 నుంచి 800 వాట్ల మధ్య ఉన్న రౌటర్ రెండు మూడడుగుల మిషన్లకు సరిపోతుంది. ఆ పరిధిలో వాట్లు పోల్చుకుంటూ కూర్చోవడం దండగ.

నిజంగా చూడాల్సింది: ఎంత నెమ్మదిగా తిరగగలదు

ఇది వినగానే చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. వేగంగా తిరిగేది మంచిది కదా అంటారు. చేతిలో పట్టుకుని వాడినప్పుడు మంచిదే. చిన్న మిషన్‌కు అదే చిక్కు.

బిట్‌లోని ఒక్కో పన్ను ఒక్కో చుట్టులో ఎంత మందం చెక్కను కొరుకుతుందో దాన్ని చిప్ లోడ్ అంటారు. లెక్క సులువు. మిషన్ నిమిషానికి కదిలే దూరాన్ని చుట్ల సంఖ్యతో, పళ్ల సంఖ్యతో భాగించాలి. 6 మి.మీ. రెండు పళ్ల బిట్‌తో టేకు కోస్తున్నప్పుడు ఒక్కో పన్ను 0.05 మి.మీ. కొరకాలని పెట్టుకుందాం. రౌటర్ 30,000 మీద తిరిగితే మిషన్ నిమిషానికి 3,000 మి.మీ. కదలాలి. చిన్న మిషన్ లోడు మీద అంత వేగంగా వెళ్లలేదు, 1,000 దగ్గరే మూలుగుతుంది. అప్పుడు ఒక్కో పన్ను కొరికేది 0.017 మి.మీ. ఆ మందంలో పన్ను చెక్కను కోయదు, రుద్దుతుంది. రుద్దితే వేడి. టేకు అంచు నల్లబడుతుంది, కాలిన వాసన వస్తుంది, బిట్ పదును పోతుంది. బిట్ నాసిరకమని దుకాణం వాణ్ణి తిట్టుకుంటారు గానీ తప్పు లెక్కది.

అదే రౌటర్‌ను 10,000కి తగ్గించగలిగితే? నిమిషానికి 1,000 మి.మీ. నడకతోనే సరిగ్గా 0.05 వస్తుంది. పొట్టు పొడిలా కాక సన్నటి తునకలుగా రాలుతుంది. వేగం తగ్గించే వీలే లేకపోతే ఇంకో దారి ఉంది, ఒంటి పన్ను బిట్ వేయడం. 30,000 మీద 1,000 మి.మీ. నడకకు అది 0.033 కొరుకుతుంది, ఫరవాలేదు.

మన మార్కెట్లో తరచూ వినబడే పేర్లను ఇప్పుడు ఈ కళ్లతో చూడాలి. మకీటా 3709 ట్రిమ్మర్ 530 వాట్లది, వేగం 30,000 దగ్గరే స్థిరం. బాష్ జికెఎఫ్ 550 కూడా అంతే, 33,000 దగ్గర ఆగిపోయింది. వడ్రంగి చేతిలో రెండూ గట్టి పనిముట్లే. మకీటా ఆర్‌టి 0700సి మాత్రం 710 వాట్లతో 10,000 నుంచి 30,000 దాకా సర్దుకుంటుంది. లోడు పడినప్పుడు వేగం పడిపోకుండా నిలబెట్టే ఎలక్ట్రానిక్స్ కూడా లోపల ఉంది. ప్రపంచమంతా హాబీ సిఎన్‌సి వాళ్లు దీని చుట్టూనే తిరగడానికి కారణం వాట్లు కాదు, ఆ 10,000. డివాల్ట్ డిడబ్ల్యుపి 611 అనే అమెరికా మోడల్ బలమైనదే గానీ దాని అడుగు వేగం 16,000.

అమెరికా అన్నాను కాబట్టి ఒక జాగ్రత్త. అక్కడి నుంచి బంధువులు తెచ్చే రౌటర్లు 120 వోల్టులవి అయి ఉంటాయి. మకీటాలో ఆర్‌టి 0701సి అలాంటిదే. పేరులో ఒక్క అంకే తేడా. మన 230 వోల్టులకు నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

స్థిర వేగం ట్రిమ్మర్‌కు ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి డిమ్మర్ పెట్టి వేగం తగ్గించుకోవచ్చు కదా అనే వాదన కూడా ఉంది. కొంతవరకు పనిచేస్తుంది. కానీ డిమ్మర్‌కు మోటారు ఎంత తిరుగుతోందో తెలియదు, కరెంటును కత్తిరించడమే తెలుసు. బిట్ గాలిలో ఉన్నప్పుడు 15,000 చూపించిన మోటారు చెక్కలోకి దిగగానే చతికిలబడుతుంది. పైగా చల్లబరిచే ఫ్యాన్ కూడా అదే ఇరుసు మీద ఉంది, వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. లోపలే ఎలక్ట్రానిక్స్ ఉన్న రౌటర్లకు బయట డిమ్మర్ పెడితే రెండూ కొట్లాడుకుని ఏదో ఒకటి పోతుంది.

కొల్లెట్, వంకర: కంటికి కనబడని సగం మిల్లీమీటరులో పదో వంతు

బిట్‌ను పట్టుకునే చీలికల గొట్టమే కొల్లెట్. తిరిగేటప్పుడు బిట్ నిక్కచ్చిగా తన కేంద్రం మీదే తిరగాలి. తిరగదు. ఎంతో కొంత ఊగుతుంది. ఆ ఊపును రనౌట్ అంటారు. నున్నటి ఉక్కు పిన్నును కొల్లెట్‌లో బిగించి, డయల్ గేజ్ ఆనించి, చేత్తో ఒక చుట్టు తిప్పితే ముల్లు ఎంత ఆడిందో అదే రనౌట్.

0.05 మి.మీ. అని వచ్చిందనుకోండి. ఇంతేనా అనిపిస్తుంది. కానీ మనం పైన పెట్టుకున్న చిప్ లోడ్ కూడా 0.05 మి.మీ. రెండు పళ్ల బిట్‌లో ఊపు సరిగ్గా పళ్ల దిశలోనే పడితే ఒక పన్ను 0.10 కొరుకుతుంది, రెండోది ఏమీ కొరకదు. రెండు పళ్లకు డబ్బులిచ్చి ఒక పన్నుతో పని చేయించుకుంటున్నట్టు. మందపాటి బిట్ దీన్ని భరిస్తుంది. 1 మి.మీ. బిట్ పుటుక్కుమంటుంది. పేర్లు, సన్నని తీగలు చెక్కేవాళ్లకు బిట్లు వరసగా విరుగుతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మంచి కంపెనీ రౌటర్లలో కూడా కొల్లెట్ స్పిండిళ్లంత కచ్చితంగా ఉండదు. స్పిండిళ్లలో వాడే ఇఆర్ రకం కొల్లెట్లు, ముఖ్యంగా చిన్నవాటిలో ఉండే ఇఆర్-11, 1 నుంచి 7 మి.మీ. దాకా ఏ కొలతకైనా విడివిడిగా దొరుకుతాయి. రౌటర్లకు ఒకటో రెండో కొలతలే. ఇక్కడే మన దగ్గర ఒక గందరగోళం ఉంది. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. దుకాణాల్లో దాన్నీ 6 మి.మీ.నీ ఒకే గాటన కట్టేస్తారు. పావు అంగుళం కొల్లెట్‌లో 6 మి.మీ. బిట్ పెట్టి బిగిస్తే పట్టుకున్నట్టే ఉంటుంది, చెక్కలో దిగాక జారుతుంది, పైకి వచ్చేస్తుంది కూడా. చైనా నుంచి వచ్చే సన్న బిట్ల కాడ 3.175 మి.మీ., అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. దాన్ని పట్టడానికి మధ్యలో ఇత్తడి గొట్టం దూరిస్తే ఒక ఊపు మీద ఇంకో ఊపు చేరుతుంది. ఆ కొలత కొల్లెట్ విడిగా కొనుక్కోవడమే నయం.

తీర గాలికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఇంకో సంగతి. ఉప్పు తేమకు కొల్లెట్ లోపలి వాలు మీద పలుచగా తుప్పు పడుతుంది. పొట్టు దాని మీద అంటుకుపోతుంది. రనౌట్ ఒక్కసారిగా పెరిగిందంటే బేరింగు పోయిందని కంగారు పడేముందు కొల్లెట్ విప్పి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

మౌంట్: సగం తగవు ఇక్కడే

రౌటర్‌ను జడ్ అక్షానికి, అంటే పైకీ కిందికీ కదిలే భాగానికి, పట్టి ఉంచే కడియమే మౌంట్. దీన్ని జనం చివరి పనిగా చూస్తారు. కోసిన గాడి నాణ్యతను మోటారుకన్నా ఇదే ఎక్కువ నిర్ణయిస్తుంది.

ముందు ఒంటి ఆకారం. నిటారుగా గొట్టంలా ఉండే ఒళ్లు బిగించడానికి తేలిక. మకీటా 0700సి ఒంటి వ్యాసం 65 మి.మీ., డివాల్ట్ 611ది సుమారు 69. యూరప్‌లో క్రెస్, తర్వాత ఎఎంబి చేసిన రౌటర్లకు ముక్కు దగ్గర 43 మి.మీ. లోహపు మెడ ఉంటుంది. ఆ మెడ స్టాండులో బిగించడానికే చేసినది, కింది బేరింగును సరిగ్గా అక్కడే పట్టుకుంటుంది కాబట్టి రూపకల్పన పరంగా అదే అన్నిటికన్నా చక్కనిది. ఒంపులు తిరిగిన ప్లాస్టిక్ ఒళ్లున్న రౌటర్లను, పెన్నులా పట్టుకునే చిన్న గ్రైండర్లను గట్టిగా బిగించలేం. బిగిస్తే ప్లాస్టిక్ నొక్కుకుంటుంది, వదిలేస్తే ఊగుతుంది. పలుచని చెక్క మీద గీతలకు తప్ప అవి పనికిరావు.

రెండోది, ఎక్కడ పట్టుకోవాలి. వీలైనంత కింద, కొల్లెట్‌కు దగ్గరగా. మౌంట్ కింది అంచు నుంచి బిట్ మొన దాకా 60 మి.మీ. ఉన్నప్పుడు ఎంత ఊగుతుందో, 120 మి.మీ. అయితే మౌంట్ మెలిక వల్ల వచ్చే ఊపు దానికి నాలుగు రెట్లు అవుతుంది. బిట్ విషయం ఇంకా ఘోరం. కొల్లెట్ నుంచి 20 మి.మీ. బయటికి ఉన్న బిట్‌ను 40కి లాగితే అది వంగేది ఎనిమిది రెట్లు. మందం తగ్గితే ఇంకా ఎక్కువ, 6 మి.మీ. కాడతో పోలిస్తే 3.175 మి.మీ. కాడ అదే పొడవుకు దాదాపు 13 రెట్లు వంగుతుంది. మందపాటి దుంగ కోయాలని బిట్‌ను చివరిదాకా బయటికి లాగి బిగించే అలవాటు ఉన్నవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి.

కడియం ఒకటి చాలా, రెండు కావాలా? పది మి.మీ. మందం కడియం ఒక్కటే అయితే రౌటర్ దానిలో ముందుకూ వెనక్కూ ఆడుతుంది. రెండు పలుచని కడియాలు ఐదారు సెంటీమీటర్ల ఎడంతో ఉన్నా, ఒకే దిమ్మ అంత ఎత్తున ఉన్నా ఆ ఆట పోతుంది. రెండు కడియాల్లో ఒక చిక్కుంది. వాటి బిలాలు ఒకే గీత మీద లేకపోతే రౌటర్ ఒళ్లు మెలిపడుతుంది. ఒకే దిమ్మను లేత్ షాపులో ఒకే బిగింపులో తొలిపించుకుంటే ఆ బాధ లేదు. నా ఓటు దానికే.

బిగింపు ఎంత? ఇక్కడ రెండు వాదనలూ సగం సగం నిజం. వదులుగా ఉంటే పని మధ్యలో రౌటర్ కిందికి జారుతుంది, లోతు మారిపోతుంది. మితిమీరి బిగిస్తే గుండ్రటి ఒళ్లు కోడిగుడ్డులా నొక్కుకుని బేరింగు బిగుసుకుంటుంది, వేడెక్కి త్వరగా పోతుంది. బిగించక ముందూ బిగించాకా ఇరుసును వేళ్లతో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. బిలం కొలత సరిగ్గా ఉన్న మౌంట్‌కు తక్కువ బిగింపే చాలు. బిలం పెద్దదై, రెండు చోట్ల మాత్రమే ఆనితే ఎంత బిగించినా జారుతుంది. కొన్ని రౌటర్ల ఒంటి మీద ఎత్తు సర్దే గాడో పళ్ల పట్టీయో ఉంటుంది. దాన్ని మౌంట్ చీలిక వైపు తిప్పకపోతే ఒళ్లు చుట్టూ సమంగా ఆనదు.

ఇక త్రీడి ప్రింటర్‌లో మౌంట్ చేసుకోవడం. దీన్ని వెక్కిరించేవాళ్లూ, రెండేళ్లుగా అదే వాడుతున్నామనేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ తాము చూసిందే చెప్తున్నారు. తేడా ప్లాస్టిక్‌లో, వాతావరణంలో ఉంది. ఎక్కువమంది వాడే పిఎల్ఏ సుమారు 60 డిగ్రీల వద్ద మెత్తబడుతుంది. బోల్టు బిగింపులో నిరంతరం నొక్కి ఉంటే అంతకు ముందు నుంచే నెమ్మదిగా సాగుతుంది. విజయనగరంలో మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డులో, గంటసేపు తిరిగిన రౌటర్ ఒంటిని తాకి చూడండి. చల్లటి దేశాల వాళ్లు చెప్పిన అనుభవం ఇక్కడ చెల్లదు. పిఇటిజి దాదాపు 80 డిగ్రీల దాకా, ఎబిఎస్ 100 దాకా తట్టుకుంటాయి. ప్రింటు చేసిందాన్ని తాత్కాలికంగా పెట్టుకుని, ఆ మిషన్‌తోనే గట్టి చెక్కలోనో అల్యూమినియంలోనో అసలు మౌంట్ కోసుకునే పద్ధతి కూడా ఉంది. అది తెలివైన దారి.

నిటారుగా ఉందా లేదా: ఒక చిన్న లెక్క

మౌంట్ బిగించాక రౌటర్ బల్లకు సరిగ్గా లంబంగా ఉండాలి. దాన్ని సరిచేయడాన్ని ట్రామింగ్ అంటారు. కొల్లెట్‌లో ఎల్ ఆకారంలో వంచిన కడ్డీ బిగించి, దాని చివర డయల్ గేజ్ కట్టి, బల్ల మీద 100 మి.మీ. వ్యాసం గుండ్రంగా తిప్పుతారు. కుడి చివర, ఎడమ చివర మధ్య 0.2 మి.మీ. తేడా వచ్చిందనుకుందాం. అంటే ప్రతి మిల్లీమీటరుకు 0.002 వాలు.

ఇది ముఖ్యమా కాదా అనేది మీరు చేసే పనిని బట్టి. 3 మి.మీ. బిట్‌తో అక్షరాలు చెక్కితే ఆ వాలు వల్ల వచ్చే మెట్టు 0.006 మి.మీ., ఎవరికీ కనబడదు. 25 మి.మీ. బిట్‌తో పలక ఉపరితలం చదును చేస్తే ఒక్కో వరసకూ 0.05 మి.మీ. మెట్టు పడుతుంది. వేలితో తడిమితే తెలుస్తుంది, పాలిష్ వేశాక వెలుతురులో గీతలుగా కనబడుతుంది. సరిచేయాలంటే మౌంట్ బోల్టుల మధ్య ఎడం 80 మి.మీ. అయితే ఒకవైపు 0.16 మి.మీ. రేకు పెట్టాలి. మెకానిక్కుల దగ్గర దొరికే ఫీలర్ గేజ్ ఆకులు దీనికి బాగుంటాయి. కాగితం మడిచి పెడితే అది నొక్కుకుపోయి వారానికే కొలత మారుతుంది. వాలు కుడి ఎడమలకే కాదు, ముందు వెనకలకూ ఉంటుంది. రెండూ విడివిడిగా చూడాలి.

పెద్ద బిట్ల మాట వచ్చింది కాబట్టి, 25 మి.మీ. బిట్‌ను 30,000 మీద తిప్పితే అంచు వేగం సెకనుకు 39 మీటర్లు. చాలా పెద్ద బిట్లకు అంత వేగం నిషిద్ధం, ప్యాకెట్ మీద గరిష్ఠ వేగం రాసి ఉంటుంది. స్థిర వేగం ట్రిమ్మర్లతో పలక చదును చేయడం వద్దనడానికి ఇదీ ఒక కారణం.

కరెంటు పోతే, వస్తే

మన జిల్లాల్లో సిఎన్‌సి పెట్టుకునేవాళ్లకు ఇది పుస్తకాల్లో లేని అధ్యాయం. పని మధ్యలో కరెంటు పోయిందనుకోండి. జడ్ అక్షాన్ని కదిపే స్క్రూ ఒక చుట్టుకు 8 మి.మీ. కదిలే రకం అయితే మోటారు పట్టు వదలగానే రౌటర్ బరువుకు అదే తిరిగి కిందికి దిగుతుంది, బిట్ చెక్కలో గుచ్చుకుంటుంది. చుట్టుకు 2 మి.మీ. కదిలే స్క్రూ దానంతటది తిరగదు, అక్కడే నిలబడుతుంది. చౌక కిట్లలో మొదటి రకమే ఎక్కువ. బరువైన స్పిండిల్ వేస్తే ఈ బాధ ఇంకా పెరుగుతుంది.

కరెంటు తిరిగి రావడం దీనికన్నా ప్రమాదం. చాలా ట్రిమ్మర్లలో ఉండేది జారుడు స్విచ్. ఒకసారి ఆన్‌లో పెడితే ఆన్‌లోనే. కరెంటు రాగానే రౌటర్ పూర్తి వేగంతో లేస్తుంది. అప్పుడు మీ చేయి బిట్ దగ్గర ఉండొచ్చు. కంట్రోలర్‌కు తానెక్కడుందో గుర్తుండదు. పెద్ద మిషన్లలో కరెంటు పోతే తెగిపోయి, మళ్లీ నొక్కేదాకా కలవని స్విచ్ ఉంటుంది. అలాంటి కాంటాక్టర్‌ను రౌటర్ లైన్‌లో పెట్టించుకోవడానికి ఊళ్లో ఎలక్ట్రీషియన్ చాలు.

బ్రష్‌ల నిప్పురవ్వల వల్ల వచ్చే విద్యుత్ అల్లరి ఇంకో తలనొప్పి. పని నడుస్తుండగా యుఎస్‌బి తెగిపోవడం, ఎవరూ ముట్టుకోకుండానే, అంచు చేరినప్పుడు మిషన్‌ను ఆపే లిమిట్ స్విచ్ పనిచేసినట్టు మిషన్ ఆగిపోవడం చాలావరకు దీని పనే. రౌటర్‌కు, కంట్రోలర్‌కు వేర్వేరు సాకెట్లు, వైర్లు పక్కపక్కన కాకుండా దూరంగా, స్విచ్ వైర్లకు కవచం ఉన్న కేబుల్ ఉంటే చాలా తగ్గుతుంది.

రౌటరా, స్పిండిలా: రెండు వాదనలూ ఎక్కడ నిజం

స్పిండిల్ పక్షం వాళ్ల గట్టి ఆధారం గంటల లెక్క. 200 × 300 మి.మీ. పనస పలక మీద ఎత్తుపల్లాల బొమ్మ ఒకటి చెక్కాలనుకోండి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలకు వాడేదీ పనసే. గుండ్రటి మొన బిట్‌తో 0.3 మి.మీ. ఎడంతో వరసలు నడిపితే 667 వరసలు అవుతాయి. ఒక్కోటి 300 మి.మీ., మొత్తం 200 మీటర్ల నడక. నిమిషానికి 1,500 మి.మీ. చొప్పున రెండుంపావు గంటలు. అది చివరి నునుపు పని మాత్రమే, ముందు గరుకుగా తొలిచే పని వేరే. చేతి రౌటర్‌ను తయారుచేసినవాళ్లు ఊహించినది ఐదు పది నిమిషాల వాడకం, మధ్యలో విరామం. రోజూ ఇలాంటివి రెండు చెక్కితే బ్రష్‌లు తరచూ మార్చాలి, తర్వాత బేరింగులు. ఆ హోరును అన్ని గంటలు పక్కింటివాళ్లు కూడా భరించాలి. పైగా రౌటర్ ఫ్యాన్ గాలి కిందికి కొట్టి పొట్టును ఇల్లంతా చిమ్ముతుంది.

ఇంకో తేడా ఆజ్ఞల్లో ఉంది. ప్రోగ్రాములో వేగం 12,000 అని రాస్తే విఎఫ్‌డి వింటుంది. రౌటర్ వినదు, మనమే చక్రం తిప్పాలి. మకీటా చక్రం మీద 1 అంటే 10,000, 2 అంటే 12,000, 3 అంటే 17,000. అంకెల మధ్య ఎడం సమానంగా లేదు, చాలామంది సమానమనుకుని లెక్కలు తప్పుతారు.

రౌటర్ పక్షం వాళ్ల ఆధారాలూ తక్కువవి కావు. పాడైతే అదే రోజు బజారులో ఇంకోటి దొరుకుతుంది. విఎఫ్‌డి పోతే విశాఖపట్నమో ఆన్‌లైనో దిక్కు, లోపల వందకు పైగా సెట్టింగులు, ఒకటి తప్పుగా పెడితే స్పిండిల్ కాలుతుంది. నీళ్లతో చల్లబరిచే రకం అయితే పంపు, బకెట్టు, గొట్టాలు. వారానికి నాలుగు గంటలు నేమ్ ప్లేట్లు చేసుకునేవాడికి ఇదంతా అనవసరపు టెన్షన్. 30 × 18 సెం.మీ. చోటులో చెక్కే చిన్న 3018 మిషన్ల మీద వచ్చే 775 అనే చిన్న మోటారు నుంచి పైకి ఎక్కాలనుకునేవాళ్లకు మాత్రం ముందు హెచ్చరిక: ఆ మిషన్ మౌంట్ బిలం 45 మి.మీ. దగ్గర ఉంటుంది, రెండు కిలోల దగ్గర్లో ఉండే రౌటర్‌ను మోసే బలం దాని జడ్ అక్షానికి లేదు.

అల్యూమినియం తరచూ కోయాలన్నా, రోజుకు నాలుగైదు గంటలు మిషన్ తిరగాలన్నా స్పిండిల్ వాదనే గెలుస్తుంది. మిగతావాళ్లకు వేగం తగ్గించగలిగే 65 మి.మీ. రౌటర్ సరిపోతుంది. అందులో ఇంకో వెసులుబాటు ఉంది. 800 వాట్ల, 1.5 కిలోవాట్ల స్పిండిళ్లు కూడా 65 మి.మీ. ఒంటితో దొరుకుతున్నాయి. ఇవాళ 65 బిలంతో అల్యూమినియం మౌంట్ తొలిపించుకున్నవాళ్లు రేపు స్పిండిల్‌కు మారినా ఆ దిమ్మ అలాగే ఉంటుంది. మార్చాల్సింది పెరిగిన బరువును మోయడానికి జడ్ స్క్రూ, దాని మోటారు.